తోకబండి

తెలుగునాట ఏ పట్టణపు పొలిమేరయందు నిలిచినను తెల్లవారకముందే ఒక దృశ్యము కంటబడును. మోటారు సైకిలు వెనుక ఆసనముపై తోటకూర మూటలు రెండు, వానిమీద వంకాయల బస్తా, ఇరుప్రక్కల సొరకాయల గంపలు, ట్యాంకుమీద కరివేపాకు మోపు; వీని నడుమ ఎక్కడనో ఒక మనిషి. అతనికి కాలు మోపుటకు చోటు చాలదు. అద్దములో వెనుక దారి కానరాదు. గతుకు వచ్చినప్పుడెల్ల ముందు చక్రము నేలను విడిచినంత తేలికయగును. 1999 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున రైతుబజారులు నెలకొన్న నాటినుండి చిన్నరైతు తన పంటను తానే అమ్ముకొను మార్గ మేర్పడినది. కాని తోటనుండి ఆ బజారు వరకు గల దూరమును దాటు భారము అతనిపైననే ఉన్నది. నాలుగు చక్రముల వాహనము కొనుటకు స్తోమతు లేదు. ఆటోకు బాడుగ ఇచ్చినచో గంపెడు కూరకు వచ్చు లాభము అందులోనే కరగిపోవును. కావున ప్రాణమును పణముగ నొడ్డి, అలవి మీరిన బరువును రెండు చక్రములపైననే మోయుచున్నాడు.

ఈ చిక్కునకు పల్లెటూరి వెల్డింగు దుకాణములలో పుట్టిన సమాధానమొకటి కలదు: మోటారు సైకిలు వెనుక ఒక చిన్న బండిని తగిలించుట. ట్రాక్టరు వెనుక కట్టు బండిని కొన్ని సీమలలో ట్రక్కు అనియు, కొన్నింట ట్రాలీ అనియు వ్యవహరింతురు. మోటారు సైకిలుకు తగిలించు ఈ చిరుబండిని తోకబండి యనుట ఒప్పును. చూచుటకిది సులభమైన పని. నాలుగు ఇనుప గొట్టములు, రెండు పాత చక్రములు, ఒక కొక్కెము. కాని ఆ కొక్కెముకడ జరుగు చిన్న పొరపాటు మనిషిని రోడ్డుపై పడవేయగలదు. అందుచేత తోకబండిని చవుకగా కట్టుట ఎట్లు అను ప్రశ్నకు ముందు, ఎక్కడ చవుక పనికిరాదు అను ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలసియున్నది.

పాత బండి నేర్పిన పాఠము

ఎడ్లబండిని తోలిన ముసలి రైతును అడిగినచో, సరకు నింపుటకు ముందు అతడు చూచునది ముందుబరువు, వెనుకబరువు అని చెప్పును. బరువంతయు ఇరుసునకు వెనుక పడినచో నొగలు పైకి లేచును. కాడి ఎడ్ల మెడపై ఆనక, మెడత్రాడు గొంతును బిగించును. బరువంతయు ముందు పడినచో కాడి మూపును నలిపి పుండు చేయును. కొంచెము ముందుబరువుండవలెను, ఎక్కువ ఉండరాదు. ఈ కొలతను అతడు పుస్తకమున చదువలేదు. బండి నొగను చేతితో ఎత్తి చూచి, రెండు బస్తాలను ముందునకో వెనుకకో జరిపి సరిచేసికొనెడివాడు.

తోకబండికిని ఇదే సూత్రము. ఎడ్ల మెడ ఉండు చోట ఇప్పుడు మోటారు సైకిలు కొక్కెమున్నది. బండి మొత్తము బరువులో సుమారు పదవ వంతు ఆ కొక్కెముపై క్రిందికి ఆనవలెనని కట్టువారు పాటించు వాడుక. దీని నెట్లు సాధింపవచ్చునో తులాదండ సూత్రమును చదివిన ఎనిమిదవ తరగతి విద్యార్థి లెక్కగట్టగలడు. కొక్కెము నుండి ఇరుసు వరకు దూరము 150 సెంటీమీటర్లనుకొందురుగాక. సరకుతో కూడిన బండి బరువు 100 కిలోలు. గరిమనాభి ఇరుసునకు ముందు 15 సెంటీమీటర్ల దూరమున ఉన్నచో కొక్కెముపై పడు భారము 100ను 15తో హెచ్చించి 150తో భాగింపగా వచ్చినది, అనగా 10 కిలోలు. గరిమనాభి అదే 15 సెంటీమీటర్లు ఇరుసునకు వెనుకకు జరిగినచో అదే 10 కిలోలు మోటారు సైకిలు తోకను పైకి లాగును. అప్పుడు వెనుక చక్రమునకు నేలపై పట్టు తగ్గును. బండి ఇటు నటు ఊగుట మొదలుపెట్టును. వేగము హెచ్చినకొలది ఆ ఊపు పెరుగును. కొక్కెముపై భారము మరీ ఎక్కువైనను కీడే. కొక్కెము వెనుక చక్రమునకు వెనుక ఉండుటచే, అచ్చట మోపిన బరువు ముందు చక్రమును తేలిక పరచి, హేండిలు మాట విననీయదు.

కావున పెట్టె పొడవు 120 సెంటీమీటర్లయినచో ఇరుసును సరిగా నడుమ బిగింపక, నడుమకు 15 సెంటీమీటర్లు వెనుకగా బిగింతురు. సరకును సమముగా పరచినచో చాలు, పైన చెప్పిన లెక్క దానంతటదే కుదురును. సరి చూచుటకు గొప్ప పరికరము లేమియు అక్కరలేదు. బండిని నింపి, కొక్కెము ఎత్తునకు సరిపడునట్లు దాని ముందు కొనను ఒక తూకపు యంత్రముపై ఆనించి చూచినచో ముల్లే చెప్పును.

బంతిగిన్నె కీలు

మోటారు సైకిలుతో బరువులు లాగించు తలంపు క్రొత్తది కాదు. సౌరాష్ట్రమున చకడా యను వాహనము ప్రసిద్ధము. మోటారు సైకిలు ముందు భాగమును రెండు చక్రముల బండితో కలిపి, ఒక్క మూడు చక్రముల వాహనముగ మార్చినదే చకడా. అదే సీమలో అమ్రేలి జిల్లాకు చెందిన మన్సుఖ్‌భాయి జగానీ యను రైతు 1994 ప్రాంతమున, ఎడ్లను మేపలేని కరవు కాలములో, బుల్లెట్ మోటారు సైకిలు వెనుక చక్రమును తీసి, ఆ స్థానమున రెండు చక్రములతో సేద్యపు పనిముట్లు బిగించు ఏర్పాటు చేసి పొలము దున్నెను. బుల్లెట్ సాంతి యను పేర అది దేశమంతట వినబడినది.

ఈ రెండింటిలోను మోటారు సైకిలు తన సహజగుణమును కోల్పోయినది. అది ఇక ప్రక్కకు ఒరగదు. తోకబండి అట్లు గాదు. దానిని తగిలించినను మోటారు సైకిలు మోటారు సైకిలుగనే ఉండును. సాయంకాలము చీల తీసి బండిని దొడ్డిలో ఉంచినచో, మరునాడు పిల్లను బడికి తీసికొనిపోవుటకు పనికివచ్చును. పేదవాని ఇంట ఒక్క వాహనమే రెండు పనులకు రావలెను గదా. కాని ఈ సౌకర్యములోనే కష్టమొకటి దాగియున్నది. మోటారు సైకిలు మలుపు తిరుగునప్పుడు ప్రక్కకు ఒరగును. రెండు చక్రముల తోకబండి ఒరగదు, నేలపై చదునుగా నిలుచును. ఒరగునది ఒకటి, ఒరగనిది మరొకటి. ఈ రెండింటిని కలుపు కీలు ఎట్టిదై యుండవలెను?

జీవశాస్త్ర పాఠమున మన దేహములోని కీళ్ళను గూర్చి విద్యార్థులు చదువుకొందురు. మోచేయి మడతబందు కీలు. అది ఒక్క దిశనే మడుగును. భుజము బంతిగిన్నె కీలు. అన్ని వైపులకు తిరుగును. తోకబండికి మోచేయి చాలదు, భుజము కావలెను. ఎడమ కుడులకు తిరుగుట మలుపుకొరకు. పైకి క్రిందికి వంగుట గతుకుకొరకు. తన చుట్టు తాను తిరుగుట మోటారు సైకిలు ఒరుగుటకొరకు. ఈ మూడు కదలికలలో ఏ ఒక్కటి లోపించినను, మలుపులో కీలు బిగుసుకొని బండి మోటారు సైకిలును నిలువుగా త్రోయుటకు, లేదా మోటారు సైకిలు బండిని బోర్ల ద్రోయుటకు ప్రయత్నించును. ఒక గొట్టమున చీల గ్రుచ్చి ఇదే కొక్కెమని సంతృప్తి పడువారు మరచునది ఈ మూడవ కదలికనే. పాత వాహనముల షాఫ్టులోని యూనివర్సల్ జాయింటును తెచ్చి, దాని వెనుక కాడకొయ్య తనంతట తాను గిరగిర తిరుగునట్లు ఒక బేరింగు అమర్చినచో ఈ అవసరము తీరును. బంతి కొక్కెమును వాడుదురేని, అది ఎంతవరకు ఒరుగనిచ్చునో ముందుగా చేతితో ఒరగించి చూడవలెను.

కొక్కెమును బిగించు చోటు మరింత ముఖ్యము. మడ్గార్డునకు గాని, నంబరు పలకకు గాని, సామానుల స్టాండునకు గాని తగిలింపరాదు. అవి ఆ లాగుడును ఓర్చుటకు చేసినవి కావు. గట్టి చట్రమునుండి ఇరువైపుల ఊతములు తెచ్చి, వెనుక ఇరుసు ఎత్తునకు దగ్గరగా, సాధ్యమైనంత తక్కువ ఎత్తున బిగింపవలెను. బ్రేకు వేసినప్పుడు బండి వెనుకనుండి నెట్టును. ఆ నెట్టు ఎత్తున తగిలినచో వెనుక చక్రము లేచుటకు చూచును. పాత బండికి ఇరుసు చివర కడచీల ఎంత ముఖ్యమో, దీనికి కొక్కెపు చీల అంత ముఖ్యము. అది తనంత తాను ఊడిరాకుండ అడ్డుపిన్ను ఉండవలెను. అదియు ఊడిన ఎడల బండి రోడ్డుపై విచ్చలవిడిగా పోకుండ వేరుగా ఒక గట్టి గొలుసును చట్రమునకు కట్టియుంచవలెను.

ఎంత బరువు?

ఆశకు లెక్క చెప్పవలసిన ఘట్టమిది. బ్రిటను దేశమున 1986 నాటి నిబంధనలు మోటారు సైకిలు వెనుక బండికి హద్దులు నిర్ణయించినవి. లాగు మోటారు సైకిలు ఇంజను 125 సి.సి.కి మించియుండవలెను. బండి వెడల్పు ఒక మీటరుకు మించరాదు. మోటారు సైకిలు వెనుక ఇరుసునుండి బండి చివర వరకు 2.5 మీటర్లకు మించరాదు. సరకుతో కూడిన బండి బరువు 150 కిలోలకు గాని, మోటారు సైకిలు బరువులో మూడింట రెండు వంతులకు గాని, ఏది తక్కువయో దానికి మించరాదు. ఆ చట్టము మనకు వర్తింపకున్నను, దాని వెనుక గల అనుభవము మనకును పనికివచ్చునదే.

మన పల్లెలలో ఎక్కువగా తిరుగునవి 100 సి.సి. మోటారు సైకిళ్ళు, బరువు ఇంచుమించు 110 కిలోలు. ఆ కొలబద్ద ప్రకారము ఇవి బండి లాగుటకే అర్హములు కావు. ఇంజను మాట అటుంచి మూడింట రెండు వంతుల లెక్క వేసినను 73 కిలోలు వచ్చును. బండి తన బరువే 40 కిలోలైనచో మిగిలినది 33 కిలోలు. అంతమాత్రపు బరువు వెనుక ఆసనముపైననే పట్టును! అదే 180 కిలోల మోటారు సైకిలునకు 120 కిలోల బండి తగును. 40 తీసివేయగా 80 కిలోల సరకు. కావున చిన్న మోటారు సైకిలుగలవాడు బండి కట్టించుటకు ముందు ఈ కూడికలు తీసివేతలు చేసికొనుట మేలు. బండి బరువులో తగ్గించిన ప్రతి కిలో సరకునకు వచ్చిన కిలోయే. బలము కొరకని ట్రాక్టరు ట్రక్కునకు వాడు యాంగ్లర్లు తెచ్చి అతికించినచో, ఖాళీ బండినే మోయవలసివచ్చును.

ఆగు దూరమును గూడ ఇట్లే లెక్కింపవలెను. మోటారు సైకిలు, మనిషి కలసి 250 కిలోలు; తోకబండి 120 కిలోలు; మొత్తము 370. తోకబండికి బ్రేకు లేదు. అదే బ్రేకు బలముతో ఆపవలసిన బరువు ఒకటిన్నర రెట్లయినది. పది మీటర్లలో ఆగునది ఇప్పుడు దాదాపు పదునైదు మీటర్లు పోయి ఆగును. వేగము హెచ్చినచో కష్టము మరింత హెచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగమునుండి 60కి పెంచినచో వేగము ఒకటిన్నర రెట్లు. ఆపవలసిన శక్తి రెండుంబాతిక రెట్లు. మలుపులో ఒక్కసారిగా బ్రేకు వేసినచో బండి ప్రక్కకు తిరిగి మోటారు సైకిలును మడిచివేయును. మలుపునకు ముందే వేగము తగ్గించుట, బండి ఊగినప్పుడు బెదరి బ్రేకు త్రొక్కక మెల్లగా యాక్సిలేటరు వదలుట నేర్వవలసిన విద్యలు.

పొదుపు ఎక్కడ?

చక్రముల విషయమున పొదుపు చేయవచ్చును. పాత స్కూటరు చక్రములు, ఆటోరిక్షా చక్రములు ఏ పట్టణపు పాతసామాను దుకాణములోనైనను దొరకును. ఇవి రేకు చక్రములు. సైకిలు చక్రములు ఇంతకంటె చవుక, తేలిక కూడ. కాని పనికిరావు. సైకిలు మలుపులో ఒరుగుటచే దాని చక్రముపై బరువు ఎప్పుడును ఆకుల తలములోనే పడును. తోకబండి ఒరగదు కనుక మలుపులో బరువు ప్రక్కవాటుగా పడి సన్నని ఆకులను వంచి తెంపును. పెట్టె విషయమున గూడ పొదుపు సాధ్యమే. చట్రమునకు 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టము, 2 మిల్లీమీటర్ల దళసరిది వాడినచో మీటరు ఒకటిన్నర కిలోకు లోపలనే తూగును. ప్రక్కలకు ఇనుప రేకు అక్కరలేదు; మన మేదరి అల్లిన వెదురు తడిక తేలిక, గాలి ఆడును, ఆకుకూర వాడిపోదు.

చేయరాని పొదుపు నాలుగు చోట్ల. మొదటిది కొక్కెపు బోల్టులు. తలపై 8.8 అను అచ్చు గల ఉక్కు బోల్టులనే కొనవలెను. రెండవది వెల్డింగు. కాడకొయ్యను చట్రమునకు అతికించు చోట పై పూతగా గాక, అంచులు అరగదీసి లోపలి దాక కరగించి అతికింపవలెను. రెండు వైపుల త్రికోణపు రేకులు ఊతమీయవలెను. మూడవది బేరింగులు. పాత చక్రము కొన్నను క్రొత్త బేరింగులు వేసి కందెన నింపవలెను. నాలుగవది టైరు. పాత ఎడ్లబండికి ఇనుప పట్టా ఉండెడిది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ యను పశువైద్యుడు తన కుమారుని ట్రైసైకిలు కొరకు గాలి టైరు చేసినాడు. అది మన బండికి కూడ చేరి టైరు బండి యను పేరు తెచ్చినది. ఎద్దు మెడకు సుఖమిచ్చినది. ఆ గాలి ఉన్నంత వరకే ఆ సుఖము. పగుళ్ళు వారిన టైరును బండికి చాలునని తగిలించుట తగదు.

బండి సిద్ధమైన వెంటనే సంతకు తోలుట తొందరపాటు. మొదట ఖాళీ బండితో మైదానములో తిరుగవలెను. పిదప ఇసుక సంచులు ఇరువది కిలోల చొప్పున పెంచుచు పరీక్షింపవలెను. పది కిలోమీటర్లు పోయిన పిమ్మట దిగి ప్రతి బోల్టును బిగించి చూచి, చక్రపు కుండపై చేయి పెట్టి చూడవలెను. చేయి ఆననీయనంత వేడిగా ఉన్నచో బేరింగు తప్పు. సరకు వాహకుని నడుముకంటె ఎత్తు పేర్చరాదు. వెనుక ఎఱ్ఱదీపములు, ఎఱ్ఱని ప్రతిఫలకములు ఇరువైపుల తప్పక ఉండవలెను. రాత్రివేళ లారీ నడుపువానికి మోటారు సైకిలు దీపము కనబడినను దాని వెనుక మరొకటి వచ్చుచున్నదని తెలియదు.

చట్టము మాట

1988 నాటి మోటారు వాహనముల చట్టము మోటారు వాహనము లాగు బండిని గూడ నిర్వచించి, వాహనముగనే ఎంచుచున్నది. రిజిస్ట్రేషను లేని వాహనమును బహిరంగ స్థలమున నడుపరాదనియు, వాహనమును తోచినట్లు మార్పరాదనియు ఆ చట్టమే చెప్పుచున్నది. పలువురు మోటారు సైకిలు తయారీదారులు తమ వాహనములకు బండి కట్టవద్దని చేతిపుస్తకములలోనే హెచ్చరింతురు. కావున ఇనుము కోయక ముందే రవాణా కార్యాలయమునకు పోయి అడుగుట వివేకము. అనుమతి లేని బండికి స్థానము సొంత తోట, సొంత కళ్ళము, విద్యాలయపు ఆవరణ, రాజమార్గము కాదు. ప్రమాదము జరిగినప్పుడు భీమా సొమ్ము రాకపోవుట ఒక నష్టమైనచో, ఎదుటివాని ప్రాణమునకు సమాధానము చెప్పవలసి వచ్చుట అంతకు మించిన నష్టము.

పుస్తకముల బండి

కూరగాయలే గాక ఇతర సంపదలు కూడ బండ్లపై పల్లెలకు ప్రయాణించినవి. 1931లో మన్నార్‌గుడి ప్రాంతమున ఎడ్లబండిపై గ్రంథాలయము బయలుదేరెను. గ్రంథాలయశాస్త్ర పితామహుడు రంగనాథన్ దానిని ప్రారంభించెను. తెలుగు సీమలో 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువపై పడవలో పుస్తకములు పంపిరి. ఎద్దు నడచు చోట ఎద్దుచేత, నీరు పారు చోట పడవచేత పుస్తకము చదువరి కడకే పోయినది.

ఒక్కొక్కటి 300 గ్రాములు తూగు పుస్తకములు రెండు వందలు కలసి 60 కిలోలు. పైన వేసిన లెక్కలో 180 కిలోల మోటారు సైకిలుకు కట్టిన తోకబండి దీనిని మోయగలదు. పుస్తకములు తడవకుండ కప్పు, చెక్క అరలు వేయుటకు మరి 20 కిలోలు మిగులును. సైన్సు ఉపకరణములు లేని పాఠశాలల నడుమ ఒక్క పెట్టెడు గాజు పాత్రలు, త్రాసులు, కటకములు త్రిప్పుటకును ఇది చాలును. అనుమతి పొంది, ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ గణితపు అయ్యవారితో కొలతలు వేసి, ఊరి వెల్డింగు మేస్త్రితో అతుకులు వేయించి, మేదరితో తడిక అల్లించి, ముసలి బండివాని చేత నొగ ఎత్తించి ముందుబరువు సరిచూచినచో, ఆ ఒక్క బండిలో నాలుగు విద్యలు కూడును. ఎడ్లు పోయిన ఊళ్ళలో ముందుబరువు, కడచీల, కందెన యను మాటలు వృద్ధుల నోట మాత్రమే మిగిలియున్నవి. వానిని అడిగి తెలిసికొనుటకు ఇంకను వ్యవధి ఉన్నది.